పూర్తి టికెట్ కొన్న రెండో మనిషికీ రైడ్ ఎక్కే వంతు ఇవ్వండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని అమ్యూజ్‌మెంట్ పార్కుల, వాటర్ పార్కుల యాజమాన్యాలకు,
రెండు రాష్ట్రాల పర్యాటక శాఖల అధికారులకు,

నమస్కారం.

మేం చిన్నపిల్లల తల్లిదండ్రులం. మాలో రైడ్ ఆపరేటర్లుగా, క్యూల దగ్గర సిబ్బందిగా పనిచేసినవాళ్లూ ఉన్నారు. ఎండలో రోజంతా నిలబడి వేలమందిని క్షేమంగా ఎక్కించి దింపే మీ సిబ్బంది మీద మాకు గౌరవం ఉంది. ఆ మాట ముందే చెప్పి అసలు విషయానికి వస్తాం.

రైడ్ ఎక్కడానికి ఎత్తు చాలని బిడ్డతో ఇద్దరు పెద్దవాళ్లు వస్తారు. ఒకరు బిడ్డను పట్టుకుని బయట ఉంటే ఒకరు క్యూలో నిలబడి రైడ్ ఎక్కి వస్తారు. ఇప్పుడు రెండోవారు ఎక్కాలంటే మళ్లీ చాంతాడంత లైన్‌ చివర నిలబడాలి. అలా కాకుండా రెండోవారిని పక్క గేటు నుంచి నేరుగా పంపే ఏర్పాటు కావాలని మేం అడుగుతున్నాం. విదేశీ పార్కుల్లో దీన్ని రైడర్ స్విచ్ అనీ, చైల్డ్ స్వాప్ అనీ, బేబీ స్విచ్ అనీ రకరకాలుగా పిలుస్తారు. ఈ లేఖలో మేం 'వంతు చీటీ' అంటున్నాం.

సలహాల పెట్టెల్లో వేశాం, ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో రాశాం, మెయిళ్లు పంపాం. వచ్చిన జవాబు ఒకటే: మీ సూచనను సంబంధిత విభాగానికి పంపించాం. ఆ విభాగం ఎక్కడుందో ఇప్పటికీ మాకు తెలియలేదు. అందుకే నలుగురి ముందూ రాస్తున్నాం.

ఇది ఎక్కడా జరగడం లేదని మేం అనడం లేదు. గేటు దగ్గరున్న కుర్రాడు మంచివాడైతే "రండక్కా, ఇటు నుంచి వెళ్లండి" అని గొలుసు తీస్తాడు. గంట తర్వాత షిఫ్టు మారి ఇంకొకరు వస్తే "రూల్ లేదు మేడం" అంటాడు. ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేం, నిజంగానే రూల్ లేదు కాబట్టి. లేని రూల్‌ని సొంత పూచీ మీద నడిపితే సూపర్‌వైజరుతో మాట పడేది ఆ కుర్రాడే.

సమస్య ఎంతకాలం ఉంటుందో ముందు లెక్క చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెరుగుదల పట్టికల ప్రకారం మూడేళ్ల బిడ్డ మధ్యస్థ ఎత్తు సుమారు 95 సెంటీమీటర్లు. ఐదేళ్లకు 110, ఏడేళ్లకు 121, పదేళ్లకు 138. మన పార్కుల్లో పెద్ద రైడ్లకు కనీస ఎత్తు హద్దు చాలావరకు 120 నుంచి 140 మధ్య ఉంటుంది. 140 హద్దున్న రైడ్ ఎక్కాలంటే సగటు బిడ్డకు పదేళ్లు దాటాలి. నాలుగేళ్ల తేడాతో ఇద్దరు పిల్లలున్న ఇంట్లో అమ్మానాన్నలు కలిసి ఆ రైడ్ ఎక్కడానికి పద్నాలుగేళ్లు. ఇంకో పోలిక: ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌లో స్పేస్ మౌంటెన్ అనే రోలర్ కోస్టర్‌కు హద్దు 112 సెంటీమీటర్లు, ట్రాన్ కోస్టర్‌కు 122. అంత తక్కువ హద్దులున్నచోటే తల్లిదండ్రులకు వంతుల ఏర్పాటు అవసరమని గుర్తించారు. హద్దు ఎక్కువగా ఉన్న మన దగ్గర ఆ అవసరం ఇంకా ఎక్కువ. హద్దులు తగ్గించమని మేం ఎంతమాత్రం అడగడం లేదు. ఒక్క సెంటీమీటరు కూడా తగ్గించవద్దు.

ఈ రూల్ లేకపోవడం వల్ల మామూలు కుటుంబాలకు జరుగుతున్నది ఇదీ.

1. డబ్బు పూర్తిగా, రోజు సగం. పార్కు ఉదయం 11 నుంచి సాయంత్రం 6 వరకు తెరిచి ఉంటుందనుకుందాం. అంటే 420 నిమిషాలు. సెలవురోజు పెద్ద రైడ్‌కు క్యూలో 45 నిమిషాలు, ఎక్కి దిగడానికి 5 నిమిషాలు, మొత్తం 50. భార్యాభర్తలు ఒకరి తర్వాత ఒకరు నిలబడితే రైడ్‌కు 100 నిమిషాలు. ఐదు రైడ్లకు 500 నిమిషాలు, అంటే ఐదోది ఎక్కకముందే పార్కు మూసేస్తారు. భోజనం, బాత్రూములు, బిడ్డ నిద్ర ఈ లెక్కలో లేనే లేవు. వంతు చీటీ ఉంటే రెండోవారికి సుమారు 10 నిమిషాలు పడుతుంది. రైడ్‌కు 60, ఐదింటికి 300. మిగిలిన రెండు గంటలు బిడ్డతో పిల్లల రైడ్లకూ, తిండికీ సరిపోతాయి. ఆ రెండు గంటల్లో మీ ఫుడ్ కోర్టులో ఖర్చుపెట్టేదీ ఆ కుటుంబమే. క్యూలో ఇరుక్కున్నవాడు ఐస్‌క్రీం కూడా కొనలేడు.

2. ఎక్కకుండా మిగిలిపోయేది దాదాపు ఎప్పుడూ తల్లే. ఏ పార్కులోనైనా పెద్ద రైడ్ ఎగ్జిట్ దగ్గర పది నిమిషాలు నిలబడి చూడండి. మెట్ల మీదో, చెట్టు మొదట్లోనో, కుళాయి గట్టు మీదో ఆడవాళ్లు కూర్చుని ఉంటారు. ఒళ్లో బిడ్డ, పక్కన నీళ్ల సీసాలు, నాలుగు జతల చెప్పుల సంచి, అందరి ఫోన్లు, కళ్లజోళ్లు. "నువ్వూ వెళ్లిరా" అని భర్త అంటాడు, "మళ్లీ అంత లైనా, వద్దులే" అని ఆమె అంటుంది. ఆమె చేతికి కట్టిన పట్టీ కూడా పూర్తి ధర పెట్టి కొన్నదే. ఒక్కోసారి ఆ స్థానంలో అమ్మమ్మో నాయనమ్మో ఉంటారు. వాళ్లు ఎక్కరు, బిడ్డను పట్టుకోవడానికే వస్తారు. ఆ ఒక్క పనికీ పెద్దల టికెట్టే కొనాలి. అది వేరే లేఖకు సరిపడా విషయం, ఇక్కడ వదిలేస్తున్నాం.

3. ఎత్తు దగ్గర అబద్ధాలు. బిడ్డను బయట పట్టుకునే దారి లేనప్పుడు తల్లిదండ్రులు బిడ్డను కూడా ఎక్కించేయాలని చూస్తారు. మడమ ఎత్తుగా ఉన్న బూట్లు, లోపల మడిచిపెట్టిన సాక్సులు, నెత్తిమీద ముడి, మునివేళ్ల మీద నిలబడమని చెవిలో చెప్పడం, ఇవన్నీ ఆపరేటర్లకు తెలిసినవే. "రెండు సెంటీమీటర్లే కదా సార్" అని బతిమాలడం రోజుకు పదిసార్లు వినాల్సిందే. ఆ రెండు సెంటీమీటర్లకు అర్థం ఏమిటో తల్లిదండ్రులుగా మేమూ తెలుసుకోవాలి. ఇద్దరికి కలిపి ఒకే ల్యాప్ బార్ (తొడల మీదికి దిగే కడ్డీ) ఉన్న సీట్లో ఆ కడ్డీ లావుగా ఉన్న మనిషి తొడల దగ్గర ఆగిపోతుంది. పక్కనున్న పిల్లాడికీ కడ్డీకీ మధ్య జానెడు ఖాళీ మిగులుతుంది. ట్రైను గుట్టెక్కి ఒక్కసారిగా కిందికి దూకేటప్పుడు ఒళ్లు సీటు మీంచి లేస్తుంది. ఆ క్షణంలో పట్టి ఉంచాల్సింది కడ్డీయే, నాన్న చెయ్యి కాదు. భుజాల మీదుగా దిగే బిగింపు ఉన్న సీట్లో పొట్టి పిల్లలకు అది మెడ దగ్గరకో గడ్డం దగ్గరకో వస్తుంది. బిడ్డను ఎవరు పట్టుకుంటారన్న చిక్కు తీరితే ఈ బతిమాలడంలో చాలా భాగం దానంతట అదే తగ్గుతుంది.

4. ప్లాట్‌ఫారం దగ్గర బిడ్డ చేతులు మారడం. మమ్మల్ని అన్నిటికంటే భయపెట్టేది ఇదే. రూల్ లేనిచోట జనం సొంతంగా దారి వెతుక్కుంటారు. ఇద్దరూ బిడ్డతో సహా క్యూలోకి వస్తారు. చివరి గేటు దగ్గర ఒకరు ఎక్కుతారు, దిగగానే రెయిలింగ్ మీదుగా బిడ్డను అందిస్తారు, రెండోవారు ఎక్కుతారు. దిగే వైపున జనం తల తిరుగుతూ తూలుతూ వస్తుంటారు, నేల తడిగా ఉంటుంది, పక్కనే ట్రైను కదులుతుంటుంది. అదే సమయంలో ఆపరేటర్ ప్రతి కడ్డీనీ చేత్తో లాగి చూడాలి, అటువైపు మనిషి బొటనవేలు చూపాకే మీట నొక్కాలి. "బాబూ ఒక్క నిమిషం, మా ఆవిడ ఎక్కాలి" అని పక్కనుంచి కేకలు వినబడుతుంటే ఆ తనిఖీలో ఒక వరస తప్పిపోవడానికి ఎంతసేపు? ఇప్పటిదాకా ఏమీ జరగలేదంటే అది ఆపరేటర్ల ఓపిక.

5. చిన్నవాళ్లను చిన్నవాళ్లకు అప్పగించడం. ఎనిమిదేళ్ల అక్కకు మూడేళ్ల తమ్ముడిని అప్పగించి "ఇక్కడే కూర్చోండి, కదలకండి" అని ఇద్దరు పెద్దలూ క్యూలోకి వెళ్లిపోవడం. ఫోన్లు లాకర్లో ఉంటాయి. లాకరు తాళంచెవి నాన్న దగ్గర ఉంటుంది. తప్పిపోయిన పిల్లల ప్రకటనలు మైకులో ఎందుకు వస్తాయో దీన్నిబట్టి కొంత అర్థం చేసుకోవచ్చు. ఇందులో తప్పు తల్లిదండ్రులదే, ఒప్పుకుంటాం.

ఇక ఏర్పాటు ఎలా ఉండాలన్నది. ఇది కొత్తగా కనిపెట్టాల్సిన పని కాదు. లోకంలో ప్రధానంగా రెండు పద్ధతులు నడుస్తున్నాయి.

మొదటిది గది పద్ధతి. ఓర్లాండోలోని యూనివర్సల్ పార్కుల్లో కుటుంబం మొత్తం బిడ్డతో సహా క్యూలో నడుస్తుంది. ఎక్కే చోటుకు ముందు ఒక గది ఉంటుంది. ఒకరు ఎక్కివచ్చేదాకా రెండోవారు బిడ్డతో ఆ గదిలో ఉంటారు, తర్వాత మారతారు. క్యూ కూడా చల్లని భవనంలో ఉండి, చూడటానికి ఏదో ఒకటి కనిపిస్తూ ఉంటే ఇది బాగుంటుంది. రేకుల షెడ్డు కింద ఇనుప కమ్మీల మధ్య మే నెలలో చంటిబిడ్డతో ముప్పావుగంట నిలబడటం మన దగ్గర కుదరదు. ఆ కమ్మీల మధ్య స్ట్రోలర్ పట్టనే పట్టదు.

రెండోది చీటీ పద్ధతి. డిస్నీ పార్కుల్లో కుటుంబం రైడ్ ముందున్న సిబ్బందికి కనిపిస్తుంది. మొదటి జట్టు మామూలుగా లైన్‌లోకి వెళ్తుంది. బిడ్డతో మిగిలినవారికి తిరిగి వచ్చే హక్కు నమోదవుతుంది. ఫ్లోరిడాలో 2018 దాకా అది కాగితపు చీటీయే. గడువు పొడుగ్గా ఉండటంతో కొందరు దాచుకుని వాడుకునేవారు. ఆ ఏడాది నుంచి టికెట్ స్కాన్ చేసే పద్ధతికి మారి, తిరిగి వచ్చే సమయానికి హద్దు పెట్టారు. ఎత్తు చాలని పిల్లలకే కాదు, ఎక్కడం ఇష్టంలేని మనిషి తోడుగా ఉన్నప్పుడూ ఇది వర్తిస్తుంది. ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్‌లో, నెదర్లాండ్స్‌లోని ఎఫ్టెలింగ్‌లో కూడా వేర్వేరు పేర్లతో ఇలాంటి ఏర్పాట్లున్నాయి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి, మనవళ్లతో ఓర్లాండో చూసొచ్చిన మన పెద్దవాళ్లు ఇక్కడికి తిరిగొచ్చాక అడిగే మొదటి ప్రశ్న ఇదే: ఇక్కడ ఆ చీటీ ఇవ్వరా?

మన పార్కులకు రెండో పద్ధతే సరిపోతుంది. చాలాచోట్ల ఇప్పటికే ఫాస్ట్ ట్రాక్ గేటు, అంటే అదనంగా డబ్బు కట్టినవాళ్లను త్వరగా పంపే గేటు ఉంది. వంతు చీటీవాళ్లను ఆ గేటు నుంచే పంపవచ్చు. ఒక్క ఇటుక కొత్తగా పేర్చనక్కర్లేదు.

మీ వైపు నుంచి వినవచ్చే అభ్యంతరాలు మాకు తెలుసు. మాలో కొందరు ఒకప్పుడు అవే మాటలు చెప్పి జనాన్ని తిప్పి పంపినవాళ్లే.

మొదటి అభ్యంతరం, క్యూ పెరుగుతుందని. 20 సీట్ల ట్రైను ఒకటే ఉందనుకోండి. ఎక్కించడం, కడ్డీల తనిఖీ, రైడ్, దింపడం కలిపి 5 నిమిషాలు. గంటకు 12 ట్రిప్పులు, 240 మంది. లైన్‌లో 240 మంది ఉంటే చివరివారికి గంట. ఇప్పుడు గంటకు 20 సీట్లు వంతు చీటీలకు ఇచ్చారనుకుందాం. మిగిలినవి 220. ఆ చివరి మనిషికి అరవైకి బదులు అరవై అయిదున్నర నిమిషాలు పడుతుంది. అదీ, ఆ ఇరవైమందిలో ఒక్కరూ మామూలుగా క్యూలో నిలబడి ఉండేవారు కాదనుకుంటేనే. వాళ్లు ఎలాగూ నిలబడేవాళ్లైతే పెరిగేది సున్నా. ఇంకో సంగతి ఆపరేటర్లకే తెలుస్తుంది. ఇద్దరేసి కూర్చునే వరసల్లో ముగ్గురు స్నేహితులు వస్తే ఒక సీటు ఖాళీగా పోతుంది. ప్రతి ట్రిప్పులోనూ ఒకటో రెండో సీట్లు ఇలా ఉత్తగా తిరిగి వస్తాయి. వంతు చీటీతో వచ్చేది చాలాసార్లు ఒంటరి మనిషే. ఆ ఖాళీ సీటు సరిగ్గా ఆ మనిషికే.

రెండోది దుర్వినియోగం. పిల్లలు లేని కుర్రాళ్లు ఎవరి బిడ్డనో చూపించి చీటీ తీసుకుంటారని. దీనికి విరుగుడు సులభం. బిడ్డను చూపించి, ఎత్తు కర్ర పక్కన నిలబెట్టాకే చీటీ ఇవ్వాలి. తిరిగి వచ్చేటప్పుడు బిడ్డను మొదటి మనిషి పట్టుకుని గేటు దగ్గర కనిపించాలి. ఒక కుటుంబానికి ఒకసారికి ఒకే చీటీ, అది వాడాకే ఇంకొకటి. ఈ మూడింటితో మోసం చాలావరకు ఆగుతుంది. మిగిలిన కొద్దిమంది కోసం మిగతా అందరినీ ఎండలో నిలబెట్టడం గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే.

సిబ్బంది చాలరన్నది మూడో అభ్యంతరం. ఎత్తు కొలిచే మనిషి రైడ్ ముందు ఇప్పటికే ఉన్నాడు. చీటీ ఇవ్వడానికి అతనికి పట్టేది అర నిమిషం. బతిమాలేవాళ్లతో వాదించడానికి ఇప్పుడు పడుతున్నది అంతకంటే ఎక్కువే.

కనుక మా డిమాండ్లు:

1. హద్దు 100 సెంటీమీటర్లు, అంతకు మించి ఉన్న ప్రతి రైడ్ దగ్గరా వంతు చీటీ ఉచితంగా ఇవ్వాలి. "ఫాస్ట్ ట్రాక్ కొనుక్కోండి" అన్నది దీనికి జవాబు కాకూడదు. బిడ్డ ఉన్నందుకు అదనంగా కట్టమనడం అవుతుంది.

2. చీటీ ఇద్దరి దాకా చెల్లాలి. పెద్దపిల్లాడు 145 సెంటీమీటర్లుండి రైడ్ ఎక్కగలిగితే, వాడు నాన్నతో ఒకసారి, అమ్మతో ఒకసారి ఎక్కుతాడు. దీన్ని మోసమని అడ్డుకోవద్దు. తోడు లేకుండా అమ్మ ఒక్కతే ఎక్కడానికి జంకే రైడ్లూ ఉంటాయి. ఇద్దరికి మించి మాత్రం వద్దు, ఇక్కడ మీరు గట్టిగా ఉండండి.

3. ట్రిప్పుకు రెండు సీట్లకు మించి వంతు చీటీలకు ఇవ్వవద్దు. ఎక్కువమంది వస్తే తర్వాతి ట్రిప్పుకు ఆగుతారు. లైన్‌లో గంట నిలబడినవాళ్ల కళ్లముందే పదిమందిని పక్కగేటు నుంచి పంపితే గొడవ అవుతుంది, ఆ కోపం న్యాయమైనదే. క్యూ మొదట్లోనే బోర్డు పెడితే సగం గొడవ అక్కడే ఆగుతుంది.

4. బిడ్డ చేతులు మారేది రైడ్ బయట, గేటుకు ఇవతల మాత్రమే. ప్లాట్‌ఫారం మీద, దిగే వైపున, రెయిలింగ్ మీదుగా బిడ్డను అందించడాన్ని పూర్తిగా నిషేధించండి. రూల్ మాకోసం అడుగుతున్నాం కాబట్టి ఈ నిషేధాన్ని కూడా మేమే అడుగుతున్నాం.

5. చీటీ మీద సమయం రాయాలి. ఫోన్లు లాకర్లో ఉన్నప్పుడు ఇద్దరి మధ్య ఉన్న ఒకే ఆధారం గడియారం. ఇచ్చిన సమయం, క్యూ అంచనా, తిరిగి రావాల్సిన గడువు ఉండాలి. గడువు అంటే క్యూ అంచనాకు ఒక గంట కలిపి. 12 గంటలకు ఇస్తే, క్యూ 45 నిమిషాలైతే, 1.45 దాకా చెల్లాలి. ఈ మధ్యలో బిడ్డ నిద్రపోతుంది, పాలకు ఏడుస్తుంది, డైపరు మార్చాలి. పది నిమిషాల గడువు పెడితే చీటీ ఇచ్చినా ఇవ్వనట్టే.

6. రైడ్ చెడిపోతే చీటీ చెల్లకుండా పోకూడదు. మొదటి మనిషి ఎక్కాక రైడ్ ఆగిపోయి గడువు దాటితే ఆ రోజంతా చెల్లాలి. రైడ్ ఆరోజు తిరిగి తెరవకపోతే అదే స్థాయి ఇంకో రైడ్‌కు మార్చి ఇవ్వాలి. వాన పడితే కూడా ఇదే.

7. 'తల్లిదండ్రులు' అన్న మాటను పట్టుకుని ఆధారాలు అడగవద్దు. పిన్ని కావచ్చు, మేనమామ కావచ్చు, తాతయ్య కావచ్చు. బిడ్డను వంతులవారీగా పట్టుకునే ఇద్దరికీ 18 ఏళ్లు నిండి ఉంటే చాలు. ఎత్తు సరిపోయినా వైకల్యం వల్లనో, భయం వల్లనో ఎక్కలేని పిల్లలకూ, వాళ్లను కనిపెట్టుకుని ఉండాల్సిన పెద్దలకూ ఇదే చీటీ వర్తించాలి. ఆ కుటుంబాలకు ఎదురుచూపు పదేళ్లతో తీరేది కాదు. బిడ్డతో ఒక్కరే వచ్చిన తల్లికి ఈ ఏర్పాటు ఏమీ చేయలేదు, ఆ సంగతి మాకు తెలుసు. మీ సిబ్బంది బిడ్డను ఎత్తుకోవాలని మేం అడగం. అలా ఎత్తుకోకూడదు కూడా.

8. ప్రతి పెద్ద రైడ్ ఎగ్జిట్ దగ్గర నీడ, పదిమంది కూర్చునే బెంచీలు, తాగునీరు. మూడింటికీ కలిపి అయ్యే ఖర్చు పార్కుకు పెద్దది కాదు. పాలిచ్చే గది ఎంత దూరంలో ఉందో అక్కడే బాణం గుర్తుతో రాయండి.

9. దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో రద్దీ పేరుతో దీన్ని ఆపవద్దు. ఖాళీగా ఉండే మంగళవారం ఈ చీటీతో ఎవరికీ పనిలేదు.

వాటర్ పార్కుల గురించి విడిగా చెప్పాలి, అక్కడ లెక్క వేరు. ట్యూబ్ స్లైడ్ల టవర్లకు చాలాచోట్ల ఒకే మెట్లదారి ఉంటుంది. క్యూ ఆ మెట్ల మీదే నిలబడుతుంది. తడి మెట్ల మీద, ట్యూబులు మోస్తున్న జనాన్ని దాటుకుంటూ ఒకరిని పైకి పంపడం ప్రమాదం. అలాంటి టవర్లకు వంతు చీటీ అడగడం లేదు. క్యూను కిందే ఆపి, పైన ఎంతమంది పడతారో అంతమందినే వదిలే పద్ధతి పెట్టినప్పుడు మాత్రం కింది గేటు దగ్గర చీటీవారిని కలపవచ్చు. ఇది పిల్లలు లేనివాళ్లకూ మంచిదే, మెట్ల మీద తోపులాట తగ్గుతుంది. కాగితపు చీటీ నీళ్లలో నిలవదు. నంబరు వేసిన ప్లాస్టిక్ బిళ్ల, లేదా చేతికి వేసే రంగు రబ్బరు పట్టీ ఇచ్చి గేటు దగ్గర వెనక్కి తీసుకోండి. వేవ్ పూల్‌కు వంతు చీటీ అక్కర్లేదు, క్యూ ఉండదు కాబట్టి. కానీ అక్కడ తల్లిదండ్రులకు మా మాట: లైఫ్‌గార్డు చూసేది కొలను మొత్తాన్ని, మీ ఒక్క బిడ్డను కాదు. పెద్దవాళ్లు వంతులు వేసుకుని ఒకరు ఎప్పుడూ బిడ్డకు చేయి అందే దూరంలో ఉండాలి.

నుమాయిష్ లాంటి ఎగ్జిబిషన్ల రైడ్లకూ, జాతర్ల జెయింట్ వీల్ యజమానులకూ ఇవన్నీ అక్కర్లేదు. అక్కడ రైడ్‌కు ఇంత అని విడి టికెట్, ఎక్కనివాడు డబ్బు కట్టడు. ఎదురుచూసేవాళ్లు కరెంటు వైర్లకు, జనరేటర్‌కు దూరంగా నిలబడేలా ఒక కంచె కడితే మాకు చాలు.

పర్యాటక శాఖల అధికారులకు రెండు మాటలు. 2018 జనవరిలో అమ్యూజ్‌మెంట్ పార్కుల టికెట్ల మీద జీఎస్టీని 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు. పరిశ్రమ అడిగింది, ప్రభుత్వం విన్నది. ఇప్పుడు ఆ టికెట్లు కొనే కుటుంబాలు అడుగుతున్నాయి. పార్కుల అనుమతులు ఇచ్చేటప్పుడు, పునరుద్ధరించేటప్పుడు ఎత్తు హద్దున్న రైడ్లకు రాతపూర్వకమైన వంతు పద్ధతి ఉందా అన్న ఒక్క ప్రశ్న చేర్చండి. మీ శాఖలే నడిపే చోట్ల ముందు మీరు మొదలుపెట్టండి. అలాగే దేశంలోని పార్కుల సంఘం ఐఏఏపీఐ అన్ని పార్కులకూ ఒకే గుర్తు తయారుచేస్తే, చదవడం రాని తాతయ్య కూడా ఆ గుర్తు చూసి అడగగలడు.

వచ్చే దసరా సెలవులకు ముందు కనీసం రెండు రైడ్ల దగ్గర నెలరోజులు నడిపి చూడండి. రోజుకు ఎన్ని చీటీలు ఇచ్చారు, ఎన్ని తిరిగి వచ్చాయి, క్యూ ఎన్ని నిమిషాలు మారింది, ఎత్తు దగ్గర ఎన్ని వాదనలు జరిగాయి, ఈ నాలుగు అంకెలు ఒక పుస్తకంలో రాస్తే చాలు. అంకెలు మా మాటను తప్పని తేలిస్తే ఒప్పుకుంటాం. ఆపరేటర్లకు శిక్షణ ఇవ్వడానికి మాలో పనిచేసి వచ్చినవాళ్లు ఒక పూట జీతం లేకుండా వస్తారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు మాకు తెలుసు. ఎదురెదురుగా కూర్చుంటే గంటలో తేలే విషయాన్ని అక్కడిదాకా తీసుకెళ్లాలని మాకు లేదు. నెలరోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే ఆలోచించక తప్పదు.

చీటీ మీద ఏం రాయాలో తెలియక ఆలస్యం కాకూడదని నమూనా కూడా జతచేస్తున్నాం. పోస్టుకార్డులో సగం సైజు సరిపోతుంది, రైడ్‌కో రంగు.

ఇట్లు,
ఎత్తు చాలని పిల్లల తల్లిదండ్రులు, రైడ్ల దగ్గర పనిచేసి వచ్చినవాళ్లు

నమూనా

వంతు చీటీ (ఉచితం, అమ్మరాదు)
రైడ్ పేరు: ........
ఇచ్చిన సమయం: ........ క్యూ అంచనా: ........ నిమిషాలు
ఈ సమయం దాకా చెల్లుతుంది: ........
ఎంతమందికి: ఒకరు / ఇద్దరు
తిరిగి వచ్చేటప్పుడు బిడ్డ, బిడ్డను పట్టుకునే పెద్దమనిషి పక్క గేటు దగ్గర కనిపించాలి.
బిడ్డను ప్లాట్‌ఫారం మీద చేతులు మార్చరాదు.
రైడ్ ఆగిపోతే ఈ చీటీ పార్కు మూసేదాకా చెల్లుతుంది.
సిబ్బంది సంతకం: ........